వర్షారణ్య కేంద్రంలో పని, మన ఊళ్లలో సంరక్షణ: పలాస నుంచి అడిగిన అమ్మాయికి

పలాస దగ్గర పల్లె నుంచి ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి అడిగిన సంగతులివి. వర్షారణ్య పరిశోధన కేంద్రాల్లో రోజూ చేసే పని ఎలా ఉంటుంది? ఆడపిల్లని అడవికి పంపడానికి ఇంట్లో భయపడుతున్నారు, వాళ్లకి ఏం చెప్పాలి? ఊరి జనంతో కలిసి చేసే సంరక్షణ నిజంగా నిలబడుతుందా, కాగితాల మీదేనా? మన శ్రీకాకుళం జిల్లాలో అలాంటి కేంద్రం పెట్టుకోవచ్చా?

నేను పదకొండేళ్లు పశ్చిమ కనుమల్లో ఈ పనే చేసి, తిరిగి మందస వచ్చి స్థిరపడ్డవాణ్ణి. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండమ్మా.

ముందు పని గురించి. టీవీలో చూపించే అడవిని మనసులోంచి తీసేయండి. పొద్దున్న ఎనిమిదిన్నరకి వానమాపకం దగ్గరికెళ్లి ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాయడంతో రోజు మొదలవుతుంది. దేశంలో వాతావరణ శాఖ వాన లెక్క తీసే వేళ కూడా అదే. తర్వాత మోకాళ్ల దాకా గుడ్డ మేజోళ్లు కట్టుకుని లోపలికి నడక. ఆ మేజోళ్లు జలగల కోసం. అయినా సాయంత్రానికి నాలుగైదు ఎక్కే ఉంటాయి. వాటితో ప్రమాదం లేదు, రక్తం కాసేపు ఆగదు, అంతే. లోపల చెట్లకి నంబర్లు కొట్టిన అల్యూమినియం బిళ్లలుంటాయి. ఒక్కో చెట్టు దగ్గర ఆగి లేతాకు ఎంత, పువ్వు ఎంత, కాయ ఎంత, పండు ఎంత అని సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేయాలి. కాండం చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున తీయాలి. వచ్చే నెల మళ్లీ అవే చెట్లు. ఆ పై నెలా అవే.

ఇందులో ఏముంది అనిపిస్తుంది. నాకూ మొదటి ఏడాది అనిపించింది. పనామాలో బారో కొలరాడో అనే దీవి ఉంది. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కడితే చుట్టూ నీళ్లు నిండి, ఒక కొండ దీవిగా మిగిలింది. 1923 నుంచి దాన్ని పరిశోధనకే కేటాయించారు. అక్కడ 1980లో స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫోస్టర్ అనే ఇద్దరు 50 హెక్టార్ల అడవికి గళ్లు గీసి, సెంటీమీటరు మందం దాటిన ప్రతి మొక్కనీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రెండు లక్షలకు పైగా మొక్కలు, మూడు వందల దాకా జాతులు. తర్వాత దాదాపు ఐదేళ్లకోసారి అదే లెక్క మళ్లీ చేస్తూ వస్తున్నారు. ఏ మొక్క బతికింది, ఏది ఎండిపోయింది, కరవు వచ్చిన ఏడాది ఏ జాతి ముందు కూలింది, ఇవన్నీ ఇవాళ ప్రపంచానికి తెలిసింది ఆ విసుగుపుట్టే పని నుంచే. మన దేశంలో, తమిళనాడులోని ముదుమలై అడవిలో 1988లో అంతే కొలతతో, 50 హెక్టార్ల గడి వేశారు. ఒకే చోటికి, ఒకే ప్రశ్నతో, ఏళ్ల తరబడి తిరిగి వెళ్లడమే పరిశోధన కేంద్రం అసలు బలం. గదులు, మైక్రోస్కోపులు, ఇంటర్నెట్టు తర్వాత సంగతి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా కేంద్రంలో చెట్ల కింద నాలుగు కర్రలు పాతి దోమతెర గుడ్డ కట్టేవాళ్లం. పైనుంచి రాలిన ఆకూ కాయా అందులో పడతాయి. పదిహేను రోజులకోసారి అవన్నీ ఏరి, రకాలవారీగా వేరుచేసి, ఆరబెట్టి తూచాలి. ఒక గుడ్డలో మాటిమాటికీ ఒకే రకం కాయలు పడుతున్నాయి. పైన ఉన్న పెద్ద చెట్టువే అనుకుని, దాని నంబరు కింద మూడు నెలలు రాసుకుంటూ పోయాను. మాతో పనిచేసే కాడర్ తెగ పెద్దాయన ఒకరోజు అందులోంచి ఒక కాయ తీసి, రెండుసార్లు తిప్పి చూసి, నా అరచేతిలో పెట్టాడు. తొక్క మీద ఒక పక్క రెండు సన్నటి గాట్లు, ఎదురు పక్క ఇంకో రెండు. గుడ్డ మూలన నమిలి ఉమ్మేసిన పీచు ఉండ ఒకటి, ఎండి అట్టముక్కలా ఉంది. గబ్బిలం పని ఇది, అన్నాడు. రసం పీల్చుకుని పిప్పి ఉమ్మేస్తుందట. ఈ కాయ కాసే చెట్టు ఇక్కడ లేదు, వాగు అవతల ఉంది, రాత్రిపూట తెచ్చుకుని ఈ కొమ్మకి వేలాడి తింటోంది అని చెప్పి, ఆ చెట్టు దగ్గరికి నడిపించుకుని వెళ్లాడు. నా మూడు నెలల రాతా తిరగరాయాల్సి వచ్చింది. ఆ తిరగరాతలోంచే మా అందరికీ ఒక మంచి ప్రశ్న దొరికింది: గబ్బిలాలు విత్తనాల్ని ఎంత దూరం మోస్తున్నాయి?

ఆ పని నివేదికగా వచ్చినప్పుడు పైన ఐదుగురి పేర్లున్నాయి. నా పేరుంది. ఆయన పేరు లేదు. చివర్న క్షేత్ర సహాయకులకు కృతజ్ఞతలు అని ఒక్క ముక్క. అప్పుడు నేను గట్టిగా అడగలేదు, ఈనాటికీ నన్ను ఆ సంగతి వదల్లేదు. మీరు ఎక్కడ పనిలో చేరినా స్థానికుల్ని ఎలా చూస్తున్నారో ముందు చూడండి. వాళ్లు సంచులు మోయడానికే ఉన్నారా, ఏది కొలవాలో నిర్ణయించే చోట కూడా కూర్చుంటున్నారా? కోస్టారికాలో డేనియల్ జాన్జెన్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన సహచరులు 1989లో రైతుల్ని, డ్రైవర్లని, ఇల్లు చూసుకునే ఆడవాళ్లని ఎంచుకుని నెలల తరబడి శిక్షణ ఇచ్చి, పురుగులనీ మొక్కలనీ సేకరించి వేరుచేసే పని పూర్తిగా వాళ్లకే అప్పగించారు. పారాటాక్సానమిస్టులు అని వాళ్లకి పేరు. అక్కడ సీతాకోకచిలుకల గురించి తెలిసినదాంట్లో పెద్ద భాగం వాళ్ల చేతుల మీదుగా వచ్చిందే.

మీ ఇంట్లోవాళ్ల భయం న్యాయమైనదే. దాన్ని వాదనతో కాకుండా వివరాలతో తీర్చండి. నేను పనిచేసిన చోట్ల సగానికి సగం ఆడవాళ్లే ఉండేవారు. చేరే ముందు ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి: ఆడవాళ్లకి విడిగా గది, బాత్రూం ఉన్నాయా, అడవిలోకి ఒంటరిగా పంపుతారా, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, పాము కాటుకి మందు అక్కడ ఉంటుందా, ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుంది, ఇబ్బంది వస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి, జీతం ఎంత. ఈ ప్రశ్నలకి చిరాకుపడే చోటికి వెళ్లకండి. వీలైతే మీ నాన్నగారినో అమ్మగారినో ఒకసారి వెంట తీసుకెళ్లి చూపించండి. కర్ణాటకలో రొములస్ విటేకర్ 2005లో పెట్టిన ఆగుంబే కేంద్రం, తమిళనాడులో వాల్పారై చుట్టుపక్కల జరిగే పని, ఇలాంటివి వాకబు చేయండి. తర్వాత చదువుకి డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉన్నాయి. రెంటికీ ప్రవేశ పరీక్ష గట్టిగానే ఉంటుంది.

ఇక జనంతో సంరక్షణ. నా మటుకు నేను ఏ ప్రాజెక్టు గురించి విన్నా ముందు ఒక్క సంగతే అడుగుతాను: ఆ జంతువు వల్లో ఆ అడవి వల్లో వచ్చే నష్టం ఎవరి నెత్తిన పడుతోంది? అవగాహన సదస్సులు, బోర్డులు, ర్యాలీలు తర్వాత చూద్దాం.

మనకి దగ్గర్లోనే ఉన్న తెలుకుంచిని తీసుకోండి. ఇచ్ఛాపురం మండలం. తొలకరితో ఓపెన్‌బిల్ కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. టెక్కలి మండలం తేలినీలాపురంలో గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు చలికాలం ముందు వచ్చి ఎండలు ముదిరే వేళకి వెళ్లిపోతాయి. పేపర్లలో వీటిని సైబీరియా పక్షులు అని రాస్తుంటారు. అది తప్పు. ఇవన్నీ మన దేశంలోనే పుట్టి పెరిగే పక్షులు, నీళ్లూ మేతా చూసుకుని చోటు మారతాయి. మన ఊళ్లోనే గుడ్లు పెడుతున్నాయంటే ఇది వాటి స్వంత ఊరన్నమాట. ఓపెన్‌బిల్ ముక్కు దగ్గరనుంచి చూశారా? పైముక్కూ కిందిముక్కూ మూసినా మధ్యలో సందు ఉంటుంది. పొలాల్లో నత్తల్ని పట్టి లోపలి మాంసం లాగడానికి పనికొచ్చే ముక్కు అది. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. చెట్టు కింద నిలబడి చూస్తే ముక్కుని బట్టి ఏది ఈ ఏటి పిల్లో చెప్పేయొచ్చు.

ఆ చెట్ల కింద కాపురం మాటలంత సులువు కాదు. రెట్ట వాసన, పెరట్లో పడే కుళ్లిన నత్తలు, తెల్లారకముందే గోల. తెలుకుంచిలో ఒక పెద్దావిడని అడిగాను, విసుగు రాదా అని. "పురిటికొచ్చిన ఆడపిల్లల్ని ఎవులైనా తరుముతారేటి బావూ?" అంది, చీపురు ఆపకుండానే. కొంగలు దిగితే వానలు బాగుంటాయని ఊరి నమ్మకం. పొలంలో నత్తల్ని తింటాయన్నది కళ్ల ముందు కనబడేదే. నష్టం చిన్నది, ఊరంతా పంచుకుంటున్నారు. దాంతో పాటు గౌరవం కూడా ఉంది. అందుకే నిలబడింది. ఇప్పుడు దాన్ని బెదిరిస్తున్నది జనం మనసు మారడం కాదు, చెట్లు తగ్గిపోవడం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానాన్ని ఏం చేసిందో మీ ఇంట్లోనే చెబుతారు. కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. వందేళ్ల చింతచెట్టు పడిపోతే ఇంకో వందేళ్లకి గానీ రాదు. పక్షుల బోర్డులకి పెట్టే డబ్బులో కొంత చింతమొక్కలు నాటి, కంచె వేసి, పెంచే వాళ్లకి ఏటా ఇస్తే బాగుంటుందని నేను చాలాచోట్ల చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

ఇప్పుడు ఎలుగుబంటి సంగతి చూడండి. జీడిపిక్కలు ఏరే కాలంలో, పనస పండే కాలంలో మన మందస, వజ్రపుకొత్తూరు తోటల్లోకి ఎలుగులు వస్తాయి. చీకటి వీడకముందే తోటకి వెళ్లేది ఎవరు? కూలికి పిక్కలేరే ఆడవాళ్లు. తోట వాళ్లది కాదు, అడవి వాళ్లది కాదు, గాయం మాత్రం వాళ్లకి. ఇలాంటి చోట పక్షుల ఊరి కథ చెప్పి జంతువుల్ని ప్రేమించండి అనడం నాకు సిగ్గుగా ఉంటుంది. వాల్పారైలో ఏనుగులతో ఇదే చిక్కు వచ్చినప్పుడు పరిశోధకులు మనుషులు ఎలా చనిపోతున్నారో ముందు పరిశీలించారు. చాలామంది దగ్గర్లో ఏనుగు ఉందని తెలియక ఎదురుపడి పోతున్నారని తేలింది. దాంతో మంద ఎక్కడుందో సాయంత్రం కేబుల్ టీవీలో స్క్రోలింగ్ వేయడం, ఫోన్లకి మెసేజ్‌లు పంపడం, ఎత్తయిన చోట్ల ఫోన్ చేస్తే వెలిగే ఎర్రదీపాలు పెట్టడం మొదలుపెట్టారు. ఆ దీపాలు వెలిగించే పని ఊళ్లలోవాళ్లదే. చావులు తగ్గాయి. ఏనుగు అక్కడే ఉంది, టీ తోటా అక్కడే ఉంది. సీతంపేట, కురుపాం వైపు ఒడిశా నుంచి దిగిన ఏనుగులతో మనవాళ్లు పడుతున్న పాట్లు చూసినప్పుడల్లా నాకు ఆ ఎర్రదీపాలే గుర్తొస్తాయి. ఎలుగులకీ అలాంటిదేదో కనిపెట్టాలంటే ముందు ఏ తోటలో, ఏ వేళకి, ఏ పండు కోసం వస్తున్నాయో రెండు మూడేళ్లు రాసిపెట్టినవాళ్లు ఉండాలి. ఆ పని మీరు చేయగలరు.

అరుణాచల్‌లో పక్కే అడవుల దగ్గర నిషీ తెగవాళ్ల కథ కూడా తెలుసుకోండి. వాళ్ల తలపాగాకి హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి ముక్కు అలంకారం. వేటాడిన చేతులతోనే 2011 నుంచి గూళ్లకి కాపలా కాస్తున్నారు. గూడుని దత్తత తీసుకున్న పట్నంవాళ్ల డబ్బులోంచి వాళ్లకి నెలజీతం వస్తుంది. తలపాగాకి ఫైబర్ ముక్కు వచ్చింది. ఆచారాన్ని వదిలేయమని ఎవరూ అనలేదు, అదే నాకు నచ్చింది.

చెడిపోయిన కథ కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ జవాబు అబద్ధమవుతుంది. మా వైపు కొండ మీద ఒక సవర గూడెంలో పోడు భూమిలో వేల మొక్కలు నాటించారు. ఎవరు నాటించారో ఇక్కడ అనవసరం. రెండేళ్లు కూలి వచ్చింది, నీళ్లు పోశారు, ఫొటోలు తీశారు. మూడో ఏడు నిధులు ఆగాయి. నాలుగో ఏడు నేను వెళ్లేసరికి అక్కడ మేకలు మేస్తున్నాయి. మొక్కలేవమ్మా అని అడిగితే ఒకావిడ చెప్పిన మాట నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు: "అవి మీ మొక్కలు కద బావూ. మా చింతసెట్టుకి ఎవులైనా కూలిచ్చినారేటి? దాన్ని మేం కాసుకోలేదా?" కొండమీద ఏ చింతచెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. అడ్డాకు ఎప్పుడు కోయాలో, జీలుగు చెట్టు ఎవరు ఎక్కాలో లెక్కలున్నాయి. ఆ లెక్కల్ని ఒక్కరోజు కూడా అడక్కుండా వాళ్ల భూమిలో వేరేవాళ్లు ఎంచిన మొక్క పాతారు.

ఇలా జనమే పెట్టుకున్న కట్టుబాట్లతో ఉమ్మడి వనరులు ఎలా నిలుస్తాయో జీవితమంతా పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనకి అంత దూరం కూడా అక్కర్లేదు. సోంపేట బీల గుర్తుందా? థర్మల్ ప్లాంటు వస్తుందంటే ఆ చిత్తడి నేల కోసం చుట్టుపక్కల రైతులు, మత్స్యకారులు నిలబడ్డారు, 2010 జులై 14న కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి. వాళ్లెవరూ దాన్ని సంరక్షణ అనలేదు. మా చేప, మా గడ్డి, మా నీళ్లు అన్నారు.

చివరి ప్రశ్న, మన జిల్లాలో కేంద్రం. మన దగ్గర వర్షారణ్యం లేదు. ఆగుంబేలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్ల పైన వాన. మనకి వెయ్యి పైచిలుకు, ఆపైన వేసవంతా ఎండ. మనది ఆకు రాల్చే అడవి. కొండవాగుల వెంట, మహేంద్రగిరి పైభాగాన పచ్చగా ఉండే తునకలు కొన్ని ఉన్నాయి గానీ ఆ శిఖరం ఒడిశాలో ఉంది. దానికి బెంగపడకండి. కోస్టారికాలో జాన్జెన్ జీవితం ధారపోసిన గ్వానకాస్తే ప్రాంతం కూడా ఎక్కువ భాగం ఆకు రాల్చే అడవే, పశువుల మేతకి కాల్చి పాడుచేసిన నేల. 1980ల నుంచి స్థానికుల్ని పనిలో పెట్టుకుని నిప్పుని ఆపారు, గాలీ పక్షులూ గబ్బిలాలూ తెచ్చిన విత్తనాన్ని మొలవనిచ్చారు. చుట్టుపక్కల బడిపిల్లలకి అడవిలోనే పాఠం చెప్పారు. మన కొండలకి పనికొచ్చే పాఠం అమెజాన్ కన్నా అక్కడే ఎక్కువ.

భవనం గురించి ఇప్పుడు ఆలోచించకండి. ఇరవై చెట్లు ఎంచుకోండి. చింత, పనస, ఇప్ప, మర్రి, ఏవైనా మీ నడక దూరంలో ఉన్నవి. వారానికోసారి చూసి రాయండి. చెట్ల పూత, కాత జనం చేత రాయించే సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో నమోదు చేస్తే దేశమంతటి లెక్కలో మీ చెట్టూ చేరుతుంది. పక్షుల్ని ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పట్టికలో రాయండి. ఊరి చెట్ల మీద చూసి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆ ఇంటివాళ్లని పలకరిస్తే చాలు. రిజర్వ్ ఫారెస్టులో అడుగుపెట్టాలంటే మాత్రం అటవీ శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఇందులో అడ్డదారులు వద్దు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఊరి మొక్కలూ జంతువులూ పరిజ్ఞానమూ రాసే ఒక రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో దాన్ని చూపించమని అడగండి. ఖాళీగా ఉంటే మీరే కూర్చుని పెద్దవాళ్ల నోట విని నింపండి, చెప్పినవాళ్ల పేర్లు వాళ్ల ఇష్టం కనుక్కుని రాయండి. కొండ గూడేల్లో అయితే 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభకి తమ సామూహిక అడవిని కాపాడుకుని నిర్వహించుకునే హక్కుంది. పరిశోధన కోసం వెళ్లినా ముందు ఆ గ్రామసభ ముందు నిలబడి ఏం చేయబోతున్నారో చెప్పండి.

సవర భాష నేర్చుకోండి. ఇది సలహాగా కాదు, బతిమాలి చెబుతున్నాను. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం బడి పెట్టి, నిఘంటువూ వ్యాకరణమూ తయారుచేశారు. ఆ కొండల్లో తిరిగి చలిజ్వరం తెచ్చుకుని, క్వినైన్ వాడి చెవులు పోగొట్టుకున్నారు. మన జిల్లాలో జనం మధ్య కూర్చుని జనం నుంచి నేర్చుకున్న మొదటి క్షేత్ర పరిశోధకుడు నా దృష్టిలో ఆయనే. ఒక చెట్టుకి సవరలో ఎన్ని పేర్లున్నాయో, లేతాకప్పుడు ఏమంటారో, కాయప్పుడు ఏమంటారో తెలిస్తే సగం పరిశోధన అయినట్టే.

పరీక్షలయ్యాక రెండేళ్లు ఏదో ఒక వర్షారణ్య కేంద్రానికి వెళ్లండి, పద్ధతి చేతికొస్తుంది. అప్పటిదాకా ఆగక్కర్లేదు. తొలకరి పడగానే తెలుకుంచి వెళ్లి, ఒక చింతచెట్టు కింద ఆ ఇంటివాళ్లని అడిగి కూర్చోండి. కొంగ మొదటి పుల్ల తెచ్చిన తారీఖు రాసుకోండి, గూళ్లు లెక్కపెట్టండి, రెండు వారాలకి మళ్లీ వెళ్లండి. పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్లండి. వానలో సిరా కరిగిపోతుంది.